203 వరుస విజయాల వెనుక ఏముంది: యసుహిరో యమషిత జూడో జీవితంపై ఒక పరిశీలన

జూడోలో అందరికన్నా గొప్పవారు ఎవరన్న చర్చ లేచినప్పుడల్లా 203 అన్న అంకె ముందుకు వస్తుంది. జపాన్‌కు చెందిన యసుహిరో యమషిత 1977 అక్టోబరు నుంచి 1985లో పోటీలకు స్వస్తి చెప్పేదాకా సాధించిన విజయాల సంఖ్య అది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ క్రీడాకారుడు టెడ్డీ రినేర్ వ్యక్తిగత విభాగంలో మూడో స్వర్ణం అందుకున్నాక ఈ చర్చకు మరింత పదును వచ్చింది. రినేర్ పేరిట పదకొండు ప్రపంచ టైటిళ్లు కూడా ఉన్నాయి. యమషితకు ఉన్నవి ఒకే ఒలింపిక్ స్వర్ణం, నాలుగు ప్రపంచ టైటిళ్లు. అయినా ఆయనను రినేర్ సరసన, కొందరి దృష్టిలో ఆయనకన్నా పైమెట్టున, ఎందుకు నిలబెడుతున్నారన్నది కొత్తగా జూడో చూస్తున్నవారికి అంతుపట్టని సంగతి.

పైగా ఆ 203 ను కొందరు వరుస విజయాలని, కొందరు ఓటమి లేని పోటీలని రాస్తుంటారు. ఈ రెండూ ఒకటి కావు. ఆ తేడా తేలాలంటే జూడోలో గెలుపును ఎలా నిర్ణయిస్తారో తెలియాలి; ఒలింపిక్ స్వర్ణం ఒకటే ఎందుకన్నది తెలియాలంటే 1980 నాటి రాజకీయాల్లోకి వెళ్లాలి. నా అభిప్రాయంలో యమషిత గొప్పతనమూ, ఆయన చుట్టూ ఉన్న వివాదమూ ఆ అంకె చెప్పని విషయాల్లోనే ఉన్నాయి.

జూడోలో గెలుపును ఎలా నిర్ణయిస్తారు

జిగోరో కానో 1882లో టోక్యోలో కొడొకాన్ అనే శిక్షణాలయాన్ని నెలకొల్పి జూడోను బోధించడం మొదలుపెట్టారు. మందపాటి నూలు అంగీ ధరించిన ఇద్దరు ఒకరి కాలరు, చేతి అంచు మరొకరు పట్టుకుని పోరాడతారు. ప్రత్యర్థిని బలంగా, వేగంగా, తన అదుపులో ఉంచుకుని వెల్లకిలా పడగొడితే పోటీ అక్కడికక్కడే ముగుస్తుంది. మన కుస్తీలో చిత్తు చేయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. దీన్ని ఇప్పొన్ అంటారు. నేల మీద అదిమిపట్టి నిర్ణీత కాలం లేవనీయకపోయినా, మెడ బిగించి గానీ మోచేతి కీలు మెలితిప్పి గానీ ఓటమి ఒప్పించినా ఇప్పొనే. అదిమిపట్టే కాలం యమషిత రోజుల్లో 30 సెకన్లు. ఇప్పుడు అది 20 సెకన్లకు తగ్గింది.

పడగొట్టడం పూర్తిగా కుదరకపోతే చిన్న మార్కులు వస్తాయి. వాటిలో పెద్దది వజారి. ఆనాటి నియమాల్లో రెండు వజారులు కలిస్తే ఒక ఇప్పొన్‌తో సమానం. దాని కింద యూకో, అన్నిటికన్నా చిన్నదిగా కోకా ఉండేవి. కోకా 2008తో పోయింది; మిగతా నియమాలు కూడా ఆ తర్వాత పలుమార్లు మారాయి. సమయం ముగిసినా మార్కులు సమంగా ఉంటే ఆ కాలంలో రిఫరీ, ఇద్దరు పక్క న్యాయనిర్ణేతలు కలిసి ఎవరు మెరుగ్గా పోరాడారో చూసి విజేతను తేల్చేవారు. అంటే గెలుపుల్లో కంటికి కనిపించే గెలుపు ఒకటి, న్యాయనిర్ణేతల అభిప్రాయం మీద వచ్చే గెలుపు ఇంకొకటి. జపాన్ దేశవాళీ పోటీల్లో కొన్ని సందర్భాల్లో, ముఖ్యంగా జట్టు పోటీల్లోనూ ఒకరు గాయపడి కొనసాగలేని స్థితిలోనూ, డ్రాగా ముగించే పద్ధతి కూడా ఉండేది. 203 అంకెను అర్థం చేసుకోవడానికి ఈ డ్రాలే తాళంచెవి.

ఆ అంకెలో ఏముంది, ఏమి లేదు

యమషిత మొత్తం అధికారిక పోటీల లెక్క 528 గెలుపులు, 16 ఓటములు, 15 డ్రాలుగా నమోదైంది. చివరి ఓటమి 1977 అక్టోబరులో వచ్చింది. అప్పటి నుంచి విరమణ దాకా 203 గెలుపులు, వాటి నడుమ 7 డ్రాలు. కాబట్టి సరిగ్గా చెప్పాలంటే ఆయన వరుసగా 210 పోటీల్లో ఓడలేదు, వాటిలో 203 గెలిచారు. జపాన్‌లో డ్రాను వరుసకు అంతరాయంగా భావించరు గనుక అక్కడ 203 వరుస విజయాలనే రాస్తారు. డ్రా వచ్చినచోట వరుస తెగిందని లెక్కించే పద్ధతిలో చూస్తే అంకె తప్పకుండా చిన్నదవుతుంది. రెండు లెక్కల్లోనూ మోసం లేదు. ఏ లెక్కతో దేన్ని పోలుస్తున్నామన్న జాగ్రత్త మాత్రం అవసరం.

ఈ అంకెలను మరో వైపు నుంచి చూస్తే, చాలామంది గమనించని సంగతి ఒకటి బయటపడుతుంది. మొత్తం 559 పోటీల్లోంచి ఆ 210 తీసివేస్తే 349 మిగులుతాయి. అంటే 1957 జూన్‌లో పుట్టిన యమషిత, ఇరవై ఏళ్లు నిండిన కొద్ది నెలలకే దాదాపు 350 అధికారిక పోటీలు ఆడేశారు, వాటిలో 325 గెలిచారు. కుమమొతో ప్రాంతంలోని కొండ పల్లె నుంచి వచ్చిన ఈ కుర్రవాణ్ని హైస్కూలు దశలోనే టోకై విశ్వవిద్యాలయానికి అనుబంధమైన పాఠశాలకు చేర్పించారు. రెండుసార్లు ప్రపంచ విజేత అయిన నొబుయుకి సతో అక్కడ ఆయనకు గురువయ్యారు. ఓటమి లేని ఎనిమిదేళ్లకు పునాది ఆ ముందటి ఓటముల్లోనే పడింది.

డ్రా ఎంత కీలకమో చెప్పే ఉదాహరణ 1980 మే నెలలో జరిగింది. బరువు విభాగాల వారీగా జరిగే జపాన్ జాతీయ పోటీలో ప్రత్యర్థి సుమియో ఎండో, అప్పటికే ప్రపంచ విజేత. ఆయన కనిబసమి అనే పట్టు వేశారు. పక్క నుంచి దూకి రెండు కాళ్ల మధ్య ప్రత్యర్థి కాళ్లను కత్తెరలా ఇరికించి వెనక్కి పడేసే పట్టు అది. యమషిత ఎడమ కాలి పిక్క వెంబడి ఉండే సన్నటి ఎముక విరిగింది. ఆ పట్టుకు అప్పట్లో నిషేధం లేదు, తర్వాత వచ్చింది. గాయం వల్ల పోటీ ఆగిందని ఇద్దరికీ డ్రా ఇచ్చారు. కొనసాగలేకపోయినవారు ఓడినట్టేనన్న నియమం అక్కడ వర్తించి ఉంటే వరుస విజయాల కథ 1980లోనే ముగిసేది. విమర్శకులు ఎత్తిచూపేది దీన్నే. విరిగిన కాలు ఓటమికి గుర్తు కాదని, నిబంధనల ప్రకారమే డ్రా వచ్చిందని సమర్థకులు అంటారు. రెండో వాదనే నాకు బలంగా కనిపిస్తుంది, కానీ మొదటిదాన్ని తోసిపుచ్చలేము.

మరో ఉదాహరణ ఆయన చివరి పోటీ. 1985 ఏప్రిల్‌లో అఖిల జపాన్ చాంపియన్‌షిప్ ఫైనల్లో ప్రత్యర్థి హితోషి సైతో. వీరిద్దరూ వరుసగా మూడేళ్లు ఆ ఫైనల్లో తలపడ్డారు. ఆ పోటీలో పట్టు వేయబోయిన యమషితను సైతో వెనక్కి తోసేయగా ఆయన వెల్లకిలా పడ్డారు. రిఫరీ మాత్రం ఎవరికీ మార్కు ఇవ్వలేదు. చివరికి న్యాయనిర్ణేతల నిర్ణయంతో యమషిత గెలిచారు. ఆ పడటానికి మార్కు ఇచ్చి ఉండాల్సిందని జపాన్‌లో ఇప్పటికీ వాదించేవారున్నారు. సైతో 1984, 1988 ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ స్వర్ణాలు గెలిచిన మేటి. ప్రపంచ, ఒలింపిక్ టైటిళ్లు సాధించాక కూడా స్వదేశంలో యమషితను దాటలేకపోయిన ఆయన, ఎవరెస్ట్ ఎక్కాను గానీ ఫుజి కొండ ఇంకా ఎక్కలేదని అన్న మాట అక్కడ ప్రసిద్ధం. 1988లో గానీ ఆయన ఆ చాంపియన్‌షిప్ గెలవలేదు.

బరువు విభాగాలు లేని పోటీకి అంత విలువ ఎందుకు

సైతో మాటలో ఫుజి కొండ అంటే అఖిల జపాన్ చాంపియన్‌షిప్. అందులో బరువు విభాగాలు ఉండవు. చిన్నవారైనా పెద్దవారైనా ఒకే పోటీలో తలపడాలి. కొడొకాన్ సంప్రదాయంలో అసలైన చాంపియన్ అంటే ఈ పోటీ గెలిచినవారే. యమషిత 1977లో పందొమ్మిదేళ్ల వయసులో మొదటిసారి గెలిచి, 1985 దాకా ఏటా గెలుస్తూ తొమ్మిది టైటిళ్లు సాధించారు. జపాన్‌లో హెవీవెయిట్ జూడో అత్యంత బలంగా ఉన్న రోజులవి. అందుకే అక్కడివారు ఆయన నాలుగు ప్రపంచ టైటిళ్లకన్నా ఈ తొమ్మిదింటినే ముందు ప్రస్తావిస్తారు.

దీని వెనుక ఒక పాత గాయం కూడా ఉంది. 1964లో టోక్యో ఒలింపిక్స్‌తో జూడో ఒలింపిక్ క్రీడ అయింది. బరువుతో నిమిత్తం లేని ఓపెన్ విభాగం ఫైనల్లో, నిప్పొన్ బుడొకాన్‌లో సొంత ప్రేక్షకుల ముందు, జపాన్‌కు చెందిన అకియో కమినాగను నెదర్లాండ్స్ దిగ్గజం ఆంటన్ గీసింక్ నేలకు అదిమి ఓడించారు. మిగతా మూడు విభాగాల్లో జపాన్ స్వర్ణాలు గెలిచినా, జనం గుర్తుంచుకున్నది ఆ ఓటమినే. ఓపెన్ విభాగంలో విదేశీయుడి చేతిలో ఓడని వీరుడు కావాలన్న ఆశ తర్వాతి తరాల మీద భారంగా పడింది. యమషిత విదేశీ ప్రత్యర్థులతో ఆడిన పోటీల్లో 116 గెలిచి, 3 డ్రా చేసుకుని, ఒక్కటి కూడా ఓడలేదు. 203 అంకె క్రీడాభిమానులది; ఈ 116 జపాన్ ప్రజల మనసుకు దగ్గరది.

మాస్కోకు వెళ్లనీయని ఏడాది

1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లోకి ప్రవేశించాయి. 1980 మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించాలని అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పిలుపునిచ్చారు. జపాన్ ప్రభుత్వం ఆ వైపే మొగ్గింది. ఆ ఏప్రిల్‌లో క్రీడాకారులు టోక్యోలో సమావేశమై తమను వెళ్లనివ్వమని వేడుకున్నారు. అక్కడ యమషిత, మల్లయోధుడు యూజీ తకడ కన్నీళ్లతో మాట్లాడిన దృశ్యాలు దేశమంతా చూసింది. మే 24న జపాన్ ఒలింపిక్ కమిటీ 29-13 ఓట్ల తేడాతో పాల్గొనకూడదని తీర్మానించింది. ఎండోతో పోటీలో కాలు విరిగింది సరిగ్గా ఆ వెంటనే. భారత్ మాత్రం మాస్కో వెళ్లి హాకీలో స్వర్ణంతో తిరిగొచ్చిన ఏడాది అదే.

ఒలింపిక్ స్వర్ణాలు లెక్కబెట్టి యమషితను కొలిచేటప్పుడు ఈ సంగతి తప్పనిసరిగా పరిగణించాలి. 1979 పారిస్ ప్రపంచ పోటీల్లో 95 కిలోలకు పైబడిన విభాగంలో గెలిచిన ఆయన, 1981 మాస్ట్రిక్ట్‌లో ఆ విభాగంతో పాటు ఓపెన్ విభాగం కూడా గెలిచారు. 1983 ప్రపంచ పోటీలు మాస్కోలోనే జరిగాయి. మూడేళ్ల కిందట తాను వెళ్లలేకపోయిన నగరంలో ఆయన మళ్లీ హెవీవెయిట్ విజేత అయ్యారు. మాస్కో ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం గెలిచేవారేనని చాలామంది ధీమాగా అంటారు. ఆ మేలో కాలు విరిగిన మనిషి జులై చివరికి పోటీకి సిద్ధమయ్యేవారా అన్న ప్రశ్నను మాత్రం పట్టించుకోరు. బహిష్కరణ లేకపోతే ఆ రోజు ఆయన అదే పోటీలో ఉండేవారో లేదో కూడా చెప్పలేము. జరగని పోటీ పతకాన్ని ఆయన ఖాతాలో వేయడం ఎంత సరికాదో, దాన్ని లోటుగా చూపడమూ అంతే సరికాదు.

లాస్ ఏంజిలిస్, 1984 ఆగస్టు 11

మరుసటి ఒలింపిక్స్‌కు సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ, క్యూబా దూరంగా ఉన్నాయి. ఆ స్వర్ణం విలువను తూచేటప్పుడు ఇది కూడా లెక్కలోకి రావాలి. యమషిత బరిలోకి దిగిన ఓపెన్ విభాగానికి ఒలింపిక్స్‌లో అదే ఆఖరు. సుమారు 180 సెంటీమీటర్ల ఎత్తు, 127 కిలోల బరువున్న యమషితకు అప్పుడు 27 ఏళ్లు.

మొదటి పోటీలో సెనెగల్ క్రీడాకారుణ్ని అర నిమిషంలోపే ఓడించారు. రెండో పోటీలో పశ్చిమ జర్మనీకి చెందిన ఆర్టుర్ ష్నాబెల్‌తో తలపడుతూ ఉండగా కుడి పిక్క కండరం తెగింది. యమషిత ష్నాబెల్ మెడను కాలరుతో బిగించి గెలిచారు గానీ బయటికి వచ్చేటప్పుడు కుంటుతూ వచ్చారు.

ఆ గాయం ఎందుకంత పెద్దదో తెలియాలంటే ఆయన పోరాట పద్ధతి తెలియాలి. యమషిత ఎడమ పట్టు మనిషి. ఆయన ప్రధాన ఆయుధం ఒసొటొగారి: ప్రత్యర్థిని వెనక్కి వంచి, తన కాలిని అతని కాలి వెనకగా వేసి ఊడ్చినట్టు లాగి పడేయడం. ఎడమ పట్టులో ఊడ్చేది ఎడమ కాలు. ఆ క్షణంలో ఇద్దరి బరువునూ మోసేది కుడి కాలు. ఓచిగారి, ఉచిమత అనే ఆయన ఇతర పట్లకూ ఆధారం అదే. అంటే తెగిన కండరం ఆయన నిలబడి వేసే దాడులన్నిటినీ దెబ్బతీసింది. మిగిలింది నేల మీది పోరు ఒక్కటే. అందులోనూ ఆయన అప్పటి మేటి క్రీడాకారుల్లో ఒకరు కావడం అదృష్టం కాదు, చిన్ననాటి నుంచి రెండింటినీ సమంగా సాధన చేయించిన శిక్షణ ఫలితం.

సెమీఫైనల్లో ఫ్రాన్స్ క్రీడాకారుడు లొరాన్ దెల్ కొలొంబో మొదట్లోనే యమషితను పడగొట్టి కోకా మార్కు సాధించారు. అదీ యమషిత సొంత ఆయుధమైన ఒసొటొగారితోనే. వెనకబడిన యమషిత ప్రత్యర్థిని నేలకు దించి అదిమిపట్టి గెలిచారు. ఫైనల్లో ఎదురుగా నిలిచినవారు ఈజిప్టుకు చెందిన మొహమ్మద్ రష్వాన్. నిమిషం గడిచీ గడవకముందే, రష్వాన్ వేసిన పట్టు తప్పడంతో ఇద్దరూ నేల మీదికి వచ్చారు. యమషిత పక్కనుంచి అడ్డంగా ఎదమీద పడి, ఒక చేయి మెడ కింద, మరో చేయి కాళ్ల నడుమ బిగించే యొకొ షిహో గతమె పట్టుకున్నారు. ముప్పై సెకన్లు ఆ పట్టు సడలలేదు. నాలుగు పోటీలూ ఇప్పొన్‌తోనే ముగిశాయి. పోడియం ఎక్కేటప్పుడు కుంటుతున్న ఆయనకు రష్వాన్ చేయి అందించారు. ఆ ఏడాదే జపాన్ ప్రభుత్వం యమషితకు జాతీయ గౌరవ పురస్కారం ప్రకటించింది.

రష్వాన్ నిజంగా ఆ కాలిని వదిలేశారా

రష్వాన్ గాయపడిన కాలి మీద దాడి చేయకూడదని నిశ్చయించుకుని అందుకే ఓడిపోయారన్న కథ ప్రపంచమంతా వ్యాపించింది. అంతర్జాతీయ ఫెయిర్ ప్లే సంస్థ ఆయనను సత్కరించింది; చాలా ఏళ్ల తర్వాత 2019లో జపాన్ ప్రభుత్వం కూడా పురస్కారమిచ్చింది. ప్రత్యర్థి దెబ్బతిన్న చోటు తెలిసి కూడా దానిమీదే కసిగా పడలేదన్నది ఈ గౌరవాలకు ఆధారం.

మరో వాదన జూడో తెలిసినవారి నుంచే వస్తుంది. పోటీ దృశ్యాలు నెమ్మదిగా చూస్తే రష్వాన్ గాయపడిన వైపును పూర్తిగా విడిచిపెట్టినట్టు కనిపించదని, గెలవడానికే దాడి చేశారని, యమషిత అనుభవంతో తప్పించుకుని నేల మీద పట్టేశారని వారంటారు. వారి మాట ప్రకారం, వదిలేశారన్న కథ యమషిత నైపుణ్యాన్నీ రష్వాన్ ప్రయత్నాన్నీ ఒకేసారి చిన్నబుచ్చుతుంది. ఇక్కడ ఇంకొక ప్రశ్న కూడా ఉంది: ప్రత్యర్థి బలహీనతను ఉపయోగించుకోవడం జూడోలో నియమ విరుద్ధమేమీ కాదు. కాబట్టి గాయపడిన కాలిని తాకినంత మాత్రాన రష్వాన్ తప్పు చేసినట్టు కాదు, తాకకపోతేనే సజ్జనుడన్న కొలబద్దా సరికాదు. సాయపడిన చేయి మాత్రం వివాదానికి అతీతం; అది అందరి కళ్ల ముందూ జరిగింది.

రినేర్‌తో పోలిక

రినేర్ 2010 సెప్టెంబరులో ప్రపంచ ఓపెన్ ఫైనల్లో డైకి కమికవ చేతిలో ఓడారు. అక్కడి నుంచి 2020 ఫిబ్రవరిలో పారిస్‌లో కొకొరో కగెఉర చేతిలో ఓడేదాకా 154 పోటీలు వరుసగా గెలిచారు. ఆ వరుసలో డ్రాలు లేవు. పోటీలు దాదాపుగా అంతర్జాతీయమైనవి. యమషిత 203 లో చాలా పోటీలు జపాన్ లోపలివి, విశ్వవిద్యాలయ, జట్టు పోటీలతో సహా. ఈ తేడా చూసి రినేర్ వరుసే బరువైనదని కొందరు తేలుస్తారు. ఆ కాలంలో జపాన్ హెవీవెయిట్ క్రీడాకారుణ్ని ఓడించడం ప్రపంచ పతకం గెలవడం కన్నా కష్టమన్నది రెండో పక్షం సమాధానం. రెండు ఒలింపిక్ స్వర్ణాల సైతో వంటివారు స్వదేశంలో రెండో స్థానంతో సరిపెట్టుకోవడమే వారు చూపే రుజువు.

టైటిళ్ల సంఖ్యకూ ఇలాంటి సవరణే అవసరం. యమషిత రోజుల్లో ప్రపంచ పోటీలు రెండేళ్లకు ఒకసారి జరిగేవి. రినేర్ కాలంలో దాదాపు ఏటా జరుగుతున్నాయి. యమషిత పోటీల జీవితం 28 ఏళ్లకే ముగిసింది. రినేర్ 35 ఏళ్ల వయసులో పారిస్‌లో గెలిచారు. దీర్ఘకాలం నిలబడటమే గొప్పతనమనుకుంటే రినేర్ ముందుంటారు. ఓడించడం అసాధ్యమనిపించిన ఎనిమిదేళ్లే కొలమానమనుకుంటే యమషిత పేరే మొదట వస్తుంది. నేను రెండో కొలమానం వైపు మొగ్గుతాను, ఎందుకంటే బరువు విభాగాలు లేని దేశవాళీ పోటీ తొమ్మిదేళ్లు చేజారకపోవడానికి సాటివచ్చేది ఆధునిక జూడోలో నాకు కనిపించదు.

శిక్షకుడిగా: సిడ్నీలో ఎదురైన తీర్పు

1992 నుంచి 2000 దాకా యమషిత జపాన్ పురుషుల జట్టుకు ప్రధాన శిక్షకుడు. టోకైలో ఆయన దగ్గర పెరిగిన కొసే ఇనొవె సిడ్నీలో 100 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచారు. కానీ ఆ ఒలింపిక్స్‌లో ఎక్కువ కాలం గుర్తుండిపోయింది హెవీవెయిట్ ఫైనల్. ఫ్రాన్స్ క్రీడాకారుడు దవిద్ దుయే ఉచిమత వేయగా, షినిచి షినొహర కాలు తప్పించి ఆయననే తిప్పి పడేశారు. పక్క న్యాయనిర్ణేతల్లో ఒకరు షినొహరకు ఇప్పొన్ సూచించారు. రిఫరీ మాత్రం దుయేకు యూకో ఇచ్చారు. చివరికి స్వర్ణం దుయేకు వెళ్లింది. యమషిత అక్కడే గట్టిగా అభ్యంతరం తెలిపినా, రిఫరీ బరి విడిచాక తీర్పు మార్చే వీలు నియమాల్లో లేదు. వీడియో చూసి తీర్పును సరిచూసే పద్ధతి జూడోలోకి రావాలన్న ఒత్తిడి ఆ ఘటనతో బాగా పెరిగింది. పదిహేనేళ్ల కిందట ఇవ్వని మార్కు వల్ల లాభపడ్డ మనిషి ఇప్పుడు తప్పు మార్కు వల్ల నష్టపోయిన శిష్యుడి తరఫున నిలబడ్డారు. రెండు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మనిషి కన్ను మీదే ఆధారపడిన పాత తీర్పు పద్ధతి ఎంత బలహీనమైనదో అర్థమవుతుంది.

పదవుల్లో: ప్రశంసలు, విమర్శలు

2003 నుంచి 2007 దాకా అంతర్జాతీయ జూడో సమాఖ్యలో విద్యా విభాగం చూసిన యమషిత, వాడిన జూడో అంగీలను పేద దేశాలకు పంపడం, ఇజ్రాయెల్, పాలస్తీనా యువకులను ఒకచోట సాధన చేయించడం వంటి పనులు తన స్వచ్ఛంద సంస్థ ద్వారా చేశారు. జపాన్ మహిళా జట్టు సభ్యులు 15 మంది, శిక్షకులు తమను కొట్టి దూషించారని ఫిర్యాదు చేసిన సంగతి 2013లో బయటపడినప్పుడు జాతీయ సంఘం కుదుపులకు లోనైంది. హింసను రూపుమాపే కార్యక్రమానికి ఆయన నాయకత్వం వహించారు. అయితే ఎన్నో ఏళ్లుగా ఆ సంఘంలో పెద్ద స్థానంలో ఉన్నవారికి పరిస్థితి ముందే ఎందుకు తెలియలేదన్న ప్రశ్న న్యాయమైనదే. పాఠశాలల్లో జూడో నేర్చుకుంటూ మూడు దశాబ్దాల్లో వందమందికి పైగా విద్యార్థులు మరణించారని పరిశోధకులు లెక్కతేల్చింది కూడా ఆ కాలంలోనే.

2017లో అఖిల జపాన్ జూడో సమాఖ్యకు, 2019లో జపాన్ ఒలింపిక్ కమిటీకి ఆయన అధ్యక్షులయ్యారు. టోక్యో ఒలింపిక్స్ ఆతిథ్యం కోసం లంచాలు ఇచ్చారన్న ఆరోపణలపై ఫ్రాన్స్‌లో విచారణ నడుస్తుండగా ముందటి అధ్యక్షుడు వైదొలిగారు. మచ్చలేని పేరున్న వ్యక్తిగా యమషితను ఎంచుకున్నారు. అలాంటి సమయంలో కమిటీ బోర్డు సమావేశాలకు విలేకరులను రానివ్వకూడదన్న నిర్ణయం ఆయన హయాంలోనే వచ్చింది. అంతరంగిక విషయాలు నిర్మొహమాటంగా చర్చించడానికని కమిటీ చెప్పింది. విశ్వాసం తిరిగి సంపాదించుకోవాల్సిన సంస్థ తలుపులు మూసుకోవడమేమిటని పత్రికలు నిలదీశాయి. ఈ విషయంలో పత్రికల వాదనే నాకు సబబుగా తోస్తుంది. జూడో ద్వారా రష్యా అధ్యక్షుడు పుతిన్‌తో ఉన్న దీర్ఘకాల పరిచయం కూడా ప్రశ్నలకు తావిచ్చింది; 2022లో ఉక్రెయిన్‌పై దాడి మొదలయ్యాక అది జూడో స్ఫూర్తికి విరుద్ధమని ఆయన బహిరంగంగా ప్రకటించారు. 2023 అక్టోబరులో వేడినీటి స్నానఘట్టం దగ్గర పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతినడంతో ఆయన పనుల్లోంచి తప్పుకోవలసి వచ్చింది. 2025 జూన్‌లో సెయికో హషిమొతో కమిటీ అధ్యక్షురాలయ్యారు.

పిల్లల జాతీయ పోటీ రద్దు

పదవిలో ఆయన తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా దూరం ప్రభావం చూపేది 2022 మార్చిలో వచ్చింది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు తరగతుల వారీగా జరిగే జాతీయ జూడో పోటీని సమాఖ్య రద్దుచేసింది. ఎదిగే వయసు పిల్లల చేత బరువు తగ్గించడం, ఓడితే శిక్షకులూ తల్లిదండ్రులూ పిల్లల్నీ రిఫరీలనూ తిట్టడం వంటివి పెరిగాయని, గెలుపే సర్వస్వమన్న ధోరణి ఆ వయసులో తగదని కారణం చెప్పింది.

వ్యతిరేకించినవారి మాటల్లోనూ పస ఉంది. ఆ పోటీ కోసం నెలల తరబడి సాధన చేసిన పిల్లలకు ఒక్కసారిగా లక్ష్యం లేకుండా పోయింది. తప్పు పెద్దలదైతే పెద్దలను సరిదిద్దాలి గానీ పిల్లల పోటీ తీసేయడం ఎందుకన్నారు. జపాన్‌లో నమోదైన జూడో క్రీడాకారుల సంఖ్య ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చింది. ఆకర్షణ ఇంకా తగ్గుతుందని భయపడ్డారు. ఇరవై ఏళ్లకే దాదాపు 350 పోటీలాడి పైకొచ్చిన మనిషి పిల్లలకు పోటీ వద్దంటారా అన్నవారూ ఉన్నారు. సమర్థించినవారు ఫ్రాన్స్‌ను చూపారు. అక్కడ చిన్నపిల్లలకు జాతీయ స్థాయి పోటీలు లేవు. అయినా జూడో నేర్చుకునేవారు జపాన్‌కన్నా ఎక్కువ, రినేర్ వచ్చింది అక్కడినుంచే. యమషిత తాను చిన్నప్పుడు తోటి పిల్లలు భయపడేంత అల్లరివాడినని, ఆ ఒంటినీ ఆ దుడుకునూ దారిలో పెట్టడానికే ఇంట్లోవాళ్లు జూడోలో చేర్పించారని పలుమార్లు చెప్పుకున్నారు. ఆయనను మొదట జూడోకు పంపింది పతకాల కోసం కాదు. రద్దు నిర్ణయం ఫలితం తేలాలంటే మాత్రం, ఆ పోటీ లేకుండా పెరుగుతున్న పిల్లలు పెద్దల పోటీల వయసుకు రావాలి; అందుకు ఇంకా కొన్నేళ్లు పడుతుంది.